రెండు దినాల సామాను

సికింద్రాబాదు స్టేషన్లో ఆడవాళ్ల వెయిటింగు రూముకి కమలాబాయి ఆయా. నేను మెట్టుగూడలో ఆమె ఉండే సందుకే కాపురానికి వచ్చేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. గది ఊడవాలి, కూజాల్లో నీళ్లు నింపాలి, గుమ్మం దగ్గర పీట వేసుక్కూర్చుని మగవాళ్లను లోపలికి రానివ్వకూడదు. అదీ ఆమె ఉద్యోగం. చదువు లేదు, వేలిముద్ర వేసి జీతం తీసుకునేది. కానీ ఆమెకు ఒక విద్య వచ్చు. మనిషి పక్కనున్న సామాను చూసి ఆ మనిషి ఎందుకు పోతోందో, ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చెప్పేది. నేను ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, చాలామంది తెలివైనవాళ్లను చూశాను. అలాంటి విద్య మాత్రం ఇంకొకరి దగ్గర చూడలేదు.

మొదట నేను నమ్మలేదు. నాకు ముక్కు మీద కోపం, నాలుక మీద ఎదురుమాట. పైగా టీచరు ట్రైనింగు పాసైనదాన్నన్న గర్వం. ఒకసారి స్టేషనుకు వెళ్లినప్పుడు మూలన కూర్చున్న ఒకావిడను చూపించి, ఈమె సంగతి చెప్పమన్నాను.

"చావుకు పోతున్నది బిడ్డా. జెర మెల్లగ మాట్లాడు."

"ఎట్లా తెలుసు?"

"ఇందాక మొఖం కడుక్కొని నా దువ్వెన అడిగింది. పెండ్లికి పోయేటోళ్లు దువ్వెన మరుస్తరా? చేతికి దొరికింది సంచిల ఏసుకొని ఉరికొచ్చింది."

నేను ఊరుకోకుండా వెళ్లి ఆవిణ్ని పలకరించాను. వరంగల్లులో తమ్ముడు పోయాడట. తిరిగొచ్చి కమలాబాయి పక్కన నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పటినుంచి నాకు ఆమె అంటే ఒక రకమైన భయం, భయంలాంటి భక్తి.

ఆమె భర్త రైల్వేలో పాయింట్స్‌మన్. బోగీల మధ్య పడి చనిపోతే ఎవరో దొర దయతలచి ఈ పని ఇప్పించాడట. ఇరవై రెండేళ్లు ఆ పీట మీద కూర్చుని ఆమె చూసినవి రైళ్లు కావు, మూటలు. ఒకసారి ఒక మనిషి ట్రంకుపెట్టె పక్కన కూర్చుని గంటసేపట్లో ఒక్కసారి కూడా దాని వంక చూడలేదట. "ఆ పెట్టె ఆమెది గాదు" అని కమలాబాయి పోలీసు అమీనుకు కబురుపెట్టింది. నిజంగానే దొంగ సొత్తు. ఆ రోజు నుంచి స్టేషను అమీను ఆమె మాటకు విలువిచ్చేవాడు. ఆ విలువే తరవాత మా మెడ మీదికి వచ్చింది.

అది నలభై ఎనిమిది వేసవి. నైజాంలో ఉన్నవాళ్లకు ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పనక్కర్లేదు. సంస్థానం ఇండియాలో కలవాలని కరపత్రాలు పంచినందుకు మావారు జ్ఞానశేఖర్ మీద వారంటు వచ్చింది. ఆయన క్రిస్మస్ వెళ్లిన మూడోరోజునే బడి మానేసి, హద్దు దాటి బెజవాడ వెళ్లిపోయారు. మెట్టుగూడ ఇంట్లో నేనూ, మా అత్తయ్య ఎలీసబెతమ్మా మిగిలాం. మమ్మల్ని పట్టి ఉంచితే మాస్టరు తనంతట తనే దిగివస్తాడని పోలీసులు అనుకుంటున్నారని మాకు తెలిసింది. ఊరు విడిచిపోతున్నామని అనుమానం వస్తే రైలెక్కనివ్వరు, ఠాణాకు తీసుకుపోతారు. మాకంటే ముందే రెండు కుటుంబాలకు అలా జరిగింది. సామాను చూసే పట్టుకున్నారు.

తెనాలిలో మా చిన్నమ్మ కూతురి పెళ్లి కుదిరింది. అదే వంక పెట్టుకుని బయల్దేరదామనుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం కమలాబాయి డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చేసరికి, నేనూ అత్తయ్యా కలిసి సర్దిన సామాను వసారా అంతా పరుచుకుని ఉంది. రెండు ట్రంకులు, ఒక పరుపుచుట్ట, ఇత్తడి బిందె, మావారి సూటు, పెళ్లిఫొటో అద్దంతో సహా, పెద్ద కుటుంబ బైబిలు, నా ట్రైనింగు సర్టిఫికెట్టు. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎన్ని దినాలకు పోతున్నరమ్మా?"

"తిరిగి రాము కదా, కమలమ్మా" అంది అత్తయ్య నెమ్మదిగా.

"గది నీకు తెలుసు, నాకు తెలుసు. గీ బిందెకు తెల్వద్దు. రెండు దినాల పెండ్లికి బిందె ఎవరు మోస్తరు?"

తరవాత రెండు గంటలు ఆమె చేసిన పని నేను కళ్లప్పగించి చూశాను. ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని, దాన్ని గాక మా మొహాలను చూసేది. చూసి పక్కన పెట్టేది. పెళ్లిఫొటో పక్కకు పోయింది. పెద్ద బైబిలు పోయింది, చిన్న కొత్త నిబంధన ఉండనిచ్చింది. సర్టిఫికెట్టు దగ్గర నేను పోట్లాటకు దిగాను. అది లేకపోతే బెజవాడలో నాకు ఉద్యోగం ఎవరిస్తారు?

"పెండ్లిల సర్టిఫికెట్టు చదివి అక్షింతలేస్తవా?" అంది కమలాబాయి. "నా పెట్టెల పెడత. పానం ఉంటే మల్ల తీస్కుందువు."

చివరికి మిగిలింది ఒక్క గుడ్డసంచి. చెరొక పట్టుచీర, చెరొక నేత చీర, మడతపెట్టకుండా చుట్టలు చుట్టి పెట్టింది. దువ్వెన, అద్దం, మల్లెపూలు వాడకుండా తడిగుడ్డ, పెళ్లికూతురికి చదివింపుగా ఒక ఇత్తడిగిన్నె. దారిలో తినడానికి అత్తయ్య సర్దుకునే టిఫిను బుట్ట వేరే. టికెట్లు రానూపోనూ తీయించింది. ఇంటిముందు ఉతికిన చీరలు ఆరేసే పొమ్మంది. సంచి నా చేతికిచ్చి వసారాలో మూడుసార్లు నడిపించింది. మూడోసారి ఆపి, "సంచి ఒళ్లె పెట్టుకోకు. బండిల బెంచి కింద పడెయ్యి. ఎల్లిపోయేటోళ్లే ఒళ్లె పెట్టుకుంటరు" అంది.

నిజంగానే నేను ఆ సంచిని పొట్టకు అదుముకుని నడుస్తున్నాను. ఇన్నేళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఎన్ని దుఃఖాలను ఒళ్లో పెట్టుకుని ఆ గదిలో కూర్చున్నారో, ఆమె వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి నేర్చుకుందని అప్పుడు అర్థమైంది.

శనివారం పొద్దున స్టేషనుకు చేరాం. వెయిటింగు రూము ముందు అమీను ఇద్దరు జవాన్లతో నిలబడి ప్రతి ఆడమనిషి సామానూ తిప్పి చూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు.

"మాస్టరు ఇంటోళ్లు. ఎక్కడికి?"

"తెనాలికి, పెళ్లికి" అన్నాను.

అతను సంచి విప్పించాడు. పట్టుచీరలు, గిన్నె, తడిగుడ్డ. మళ్లీ మూసి కమలాబాయి వైపు తిరిగాడు. "నువ్ చెప్పు. వస్తరా, రారా?"

కమలాబాయి నోరు తెరవబోయి ఆగింది. ఆమె చూపు అత్తయ్య చేతిలోని టిఫిను బుట్ట మీద పడింది. అత్తయ్య బుట్టను పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నిలబడి ఉంది. రెండు పూటల పులిహోరకు ఎవరూ అలా ఒరగరు. కమలాబాయి చూసినదాన్నే అమీనూ చూశాడు. బుట్ట మీది తువాలు లాగాడు. పులిహోర కింద రెండు శేర్ల జాడీ. నిండా కొత్తావకాయ.

ఇది మా అత్తయ్య పని. ఐదు నెలలుగా కొడుకు హోటలు కూడు తింటున్నాడు, ఆ ఏడు కొత్తావకాయ వాడి నోటికి అందలేదు. కమలాబాయి వెళ్లాక ఆమె ప్రాణం ఒప్పక జాడీ బుట్టలో పెట్టేసింది. నాకు కూడా చెప్పలేదు. గుంటూరు, కృష్ణా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. బిందె మానుకుంటారు, పరుపు మానుకుంటారు, ఊరగాయ మాత్రం వదలరు.

"ఆవకాయ" అన్నాడు అమీను నెమ్మదిగా. "నాది మధిరనే అమ్మా, హద్దు మీది ఊరు. ఆవకాయ ఆ దిక్కు నుంచి ఇటు వస్తది. ఇటు నుంచి అటు పోంగ నేను ఎన్నడు చూడలే. గిది పెండ్లికా, మాస్టరుకా?"

అత్తయ్య బుట్టను వెనక్కి లాక్కుంది. అప్పుడు కమలాబాయి నవ్వింది.

"ఇంకెవరికి సాబ్, పంపినోళ్లకే. గీ కోడలి తల్లి పోయిన నెల పంపింది. ఖరాబైందట. పెండ్లిల నలుగురి ముంగట మూత తీసి వియ్యపురాలి ఇజ్జత్ తీస్తా అని వారం రోజుల సంది గీ ముసలమ్మ ఒకటే లొల్లి. గల్లీల మాకు నిద్ర లేదు."

ఇంత అబద్ధం ఊపిరి తీసుకునేంతలో ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవకాయ బెజవాడ వైపు ఎందుకు వెళ్తుంది అన్న ప్రశ్నకు లోకంలో ఉన్న జవాబు అదొక్కటే. దాన్ని ఆమె చేత్తో తీసినట్టు తీసింది.

అమీను గడుసువాడు. వేలు పెట్టి రుచి చూశాడు. మా అత్తయ్య ఊరగాయ పెడితే చర్చి అంతటికీ వాసన వచ్చేదని పేరు. అతని కనుబొమలు పైకి లేచాయి.

"మంచిగనే ఉన్నది గద."

ఇక అత్తయ్యే మాట్లాడాలి. నలభై ఏళ్లుగా ఒక్కరి చేత కూడా మాట పడని తన ఊరగాయ అది.

"బాగుందా? మీకు నాలికుందా నాయనా? ఆవపిండి చేదు. నూనె మురిగింది. నెల తిరక్కుండా ముక్క మెత్తబడి టెంక వదిలేసింది. పిల్లనిచ్చినవాళ్లు ఇలాంటిదా పంపేది? ఊరగాయ పెట్టడం రాని ఇంటినుంచి పిల్లను తెచ్చుకోవడం నా బుద్ధితక్కువ."

అప్పుడు నేను చేసిన పని తెలివితో చేశానని అందరూ అంటారు. కాదు. నాకు నిజంగానే ఒళ్లు మండిపోయింది. అది మా అమ్మ పెట్టిన ఊరగాయ కాదన్న సంగతే మరిచిపోయాను.

"మా అమ్మ చేతికి వంకపెట్టిన మనిషి తెనాలిలో లేదు" అన్నాను. "జాడీలో తడిచెయ్యి పెట్టేదెవరు? మూత వెయ్యకుండా పడుకునేదెవరు? వచ్చిన దగ్గరనుంచి చూస్తున్నాను, ఉప్పు ఎక్కువైనా మా అమ్మే, పిల్లి పాలు తాగినా మా అమ్మే."

అత్తయ్య కూడా ఊరుకోలేదు. ప్లాట్‌ఫారం మీద జనం మూగారు. నేను మూడేళ్లుగా మింగినవన్నీ కక్కాను, ఆమె మూడేళ్లుగా దాచినవన్నీ తీసింది. కొన్ని మాటలు ఊరగాయతో సంబంధం లేనివి. జవాన్లు పళ్లికిలించారు. చివరికి అమీనే చేతులడ్డం పెట్టాడు.

"చూసినవా సాబ్" అంది కమలాబాయి. "తగువుకు పోయేటోళ్లు ఆడ ఉండరు. నోరు నొయ్యంగనే మల్లొస్తరు."

అమీను నవ్వాడు. కానీ నవ్వుతూనే అడిగాడు. "సోమవారం పొద్దుగాల బండికి రావాలె. రాకపోతే?"

"నేను జమానత్. రాకపోతే నన్ను తీస్కపోయి లోపల ఎయ్యి."

కూజాలో నీళ్లు నింపుతా అన్నంత మామూలుగా అంది. అతను మాకు దారి ఇచ్చాడు. రైలు కదిలేటప్పుడు ఆమె గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది, మా వైపు చూడలేదు. నేను సంచి బెంచి కింద పడేశాను. ఎర్రుపాలెం దాటి నైజాం హద్దు వెనకబడేదాకా అత్తయ్యా నేనూ ఒక్క మాట కూడా ఆడుకోలేదు. భయంవల్ల కాదు, నేను ఇంకా కోపంగానే ఉన్నాను.

బెజవాడ గవర్నరుపేటలో మావారి గది. ఆయన సగానికి సగం అయిపోయారు. అత్తయ్య వేడి అన్నంలో ఆవకాయ కలిపి ముద్దలు పెడుతుంటే తిని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్తయ్య రేపల్లెలో చెల్లెలి దగ్గరికి పోయి కొన్నాళ్లుంటానంది. మావారు స్టేషనుకు దిగబెట్టి వచ్చారు. ఆయన ఆ రోజు ముభావంగా ఉన్నారు. నేను కారణం అడగలేదు. ప్లాట్‌ఫారం మీద పడ్డ మాటలు ఇంకా మానలేదు, ఆమె కొన్నాళ్లు దూరంగా ఉంటే మంచిదే అనుకున్నాను.

అలా నాలుగు నెలలు. ఉత్తరం రాలేదు, పట్టుదల గల మనిషి అని ఊరుకున్నాను. సెప్టెంబరులో సైన్యం వచ్చింది, ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. అక్టోబరులో రైళ్లు సర్దుకున్నాక మేమిద్దరం సికింద్రాబాదు తిరిగొచ్చాం. ఇంటి తాళం ఎవరి దగ్గరుందో అనుకుంటూ సందు తిరిగాను. తలుపు తీసే ఉంది. వసారాలో అత్తయ్యా కమలాబాయీ ఎదురెదురుగా కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు.

కమలాబాయే చెప్పింది.

"సోమవారం పొద్దుగాల ఒక చీర, ఒక దుప్పటి మూట గట్టుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ. అమీను వస్తే వెంబడి పోదామని. బండి వచ్చింది. నేను బండి దిక్కు చూడలే. ఏమని చూస్త? మీ సంచి నేనే సర్దిన. మల్లొచ్చే సంచి కాదది. గంతల ఎనుకనుంచి అమ్మ గొంతు ఇనిపించింది. అమీనును పట్టుకొని తిడుతున్నది, ఆ ఊళ్లె మంచినీళ్లు సుత ముట్టనని, కోడలు అలిగి తల్లిగారింట్ల కూసున్నదని, ఉంటే ఉండనియ్యమని."

అమీను నమ్మాడు. నమ్మడా మరి, తగువు కళ్లారా చూసినవాడు. ఆ నాలుగు నెలలూ ఎదురైనప్పుడల్లా "కోడలు ఇంకా రాలే?" అని అడిగి నవ్వేవాడట.

"చేతుల ఏం లేదు బిడ్డా" అంది కమలాబాయి. "సంచి లేదు, బుట్ట లేదు, చెంబు సుత లేదు. ఉట్టి చేతులతోని దిగింది. ఇరవై రెండేండ్ల సంది గా పీట మీద కూసున్న. గట్ల దిగిన మనిషిని చూడలే. నా లెక్క తప్పింది."

ఎప్పుడూ కన్నీరు పెట్టని ఆ మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అత్తయ్య చింతపండు పిక్కలు తీస్తూనే ఉంది. కొడుకును కళ్లారా చూడ్డానికి ఐదు నెలలు ఎదురుచూసి, ఒక్క రాత్రి చూసి, ఆ నైజాంలోకి తిరిగి రైలెక్కిన మనిషి. నేను గడప మీదే కూర్చున్నాను.

ఆ సాయంత్రం మావారిని నిలదీశాను. నాకెందుకు చెప్పలేదని.

"అమ్మ ఒట్టు వేయించుకుంది" అన్నారాయన. "'మణికి చెప్పకురా. అది కోపిష్టిది, ఒకరి చేత మాట పడదు. తెలిస్తే నాకంటే ముందు అదే రైలెక్కి కూర్చుంటుంది' అంది."

అత్తయ్య నా గురించి అలా అనుకుంది. ఆ సోమవారం నేను తలంటుకుని, మావారికి ఇష్టమని గుత్తివంకాయ వండాను. మధ్యాహ్నం నిద్రపోయాను. రోజంతటిలో కమలాబాయి పేరు ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. అత్తయ్య ఆ తరవాత పదకొండేళ్లు బతికింది, ఈ సంగతి ఆమెకు నేను చెప్పలేకపోయాను.